ఆట మధ్యలో ఎందుకు ఆగిపోతోంది?



మీలో చాలామందికి స్నేహితులంతా ఒకే ఊళ్లో ఉండరు. ఇంట్లో పెద్దవాళ్లకు బదిలీ ఉత్తర్వులు వచ్చినప్పుడల్లా ఒక తరగతి గది, ఒక బెంచీ, పక్కన కూర్చునే ఒక నేస్తం వెనక ఉండిపోతారు. నాదీ అదే కథ. ఉద్యోగంలో చేరాక నాలుగు రాష్ట్రాలు తిరిగాను. కొత్త క్వార్టర్‌లో దిగగానే ముందు గ్యాస్ కనెక్షన్, ఆ వెంటనే ఇంటర్నెట్ చూసుకుంటాను. రాత్రి అమ్మ వీడియో కాల్‌లో కనిపించకపోతే నాకు ఆ రోజు పూర్తయినట్టే ఉండదు.

అందుకే, అస్సాంలో పనిచేస్తున్నప్పుడు తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వచ్చి తన ఇంటర్నెట్ గోడు చెప్పుకుంటే "ఆటలు మాని చదువుకో" అనలేకపోయాను. హైదరాబాద్‌లో తనతో చదివిన ముగ్గురితో వాడు శనివారం రాత్రి ఒక గంట ఆన్‌లైన్‌లో కారు పందేల ఆట ఆడతాడు. ఆ ముగ్గురూ ఇప్పుడు మూడు ఊళ్లలో ఉన్నారు. నలుగురూ కలుసుకునేది ఆ ఒక్క గంటే.

"బాగానే నడుస్తుంటుంది మేడమ్. ఉన్నట్టుండి ఆగిపోతుంది. మళ్లీ కదిలేసరికి నా కారు గోడకు గుద్దుకుని ఉంటుంది. కాసేపటికి అంతా మామూలే. 'నీ నెట్ బాగయ్యాక రారా' అని ఇప్పుడు వాళ్లు ముగ్గురే ఆడుకుంటున్నారు" అన్నాడు.

చెల్లి కార్టూన్లు చూడటం వల్లే ఇదంతా అని వాడి నమ్మకం. ఆ పిల్లతో రోజూ పోట్లాటే. ఇంకా ఎక్కువ స్పీడున్న ప్లాన్ వేయించమని నాన్న దగ్గర పేచీ. "ముందు కారణం కనుక్కుందాం, తర్వాత తప్పు ఎవరిదో చూద్దాం" అన్నాను. మేం ఎలా కనుక్కున్నామో మీకూ చెబుతాను.

వేగం వేరు, ఆలస్యం వేరు

వాళ్లింటి ప్లాన్ 100 ఎంబీపీఎస్. అంటే సెకనుకు ఎంత సమాచారం రాగలదో చెప్పే లెక్క. ఆటకు అంత అక్కర్లేదు. ఆట పంపేవి చిన్న చిన్న కబుర్లు: "ఎడమకు తిప్పాను", "బ్రేకు వేశాను". అవి సెకనుకు ఎన్నోసార్లు వెళ్లి వస్తుంటాయి. అక్కడ ముఖ్యమైనది ఒక కబురు వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం. దాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను. ఈ సమయం ఉన్నట్టుండి పెరిగి మళ్లీ తగ్గిపోవడాన్నే ఆటగాళ్లు ల్యాగ్ స్పైక్ అంటారు.

దీన్ని కొలిచే చిన్న ప్రోగ్రామ్ పేరు పింగ్. అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో దీన్ని రాశాడు. జలాంతర్గాముల సోనార్ ఒక శబ్దాన్ని వదిలి, దాని ప్రతిధ్వని కోసం వింటుంది కదా, ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. మీలో నౌకాదళం వాళ్ల పిల్లలకు సోనార్ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

దూరం వల్ల కూడా ఆలస్యం ఉంటుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. గువాహటి నుంచి ముంబయి దాదాపు 2,000 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి కనీసం 20 మిల్లీసెకన్లు పడుతుంది. తీగ తిన్నగా వెళ్లదు, దారిలో మలుపులూ మజిలీలూ ఉంటాయి కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువే. కొత్త ఊరికి బదిలీ అయితే ఈ అంకె మారుతుంది. దాన్ని మనం ఏమీ చేయలేం. కానీ ఇది ఎప్పుడూ ఉండే ఆలస్యం. అప్పుడప్పుడు వచ్చిపోయే కుదుపుకు కారణం వేరే ఉంటుంది.

రెండు కిటికీల పరీక్ష

కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను రెండు కిటికీల్లో తెరవండి. మొదటి దాంట్లో మీ ఇంటి రౌటర్‌కు పింగ్ పెట్టండి. చాలా ఇళ్లలో దాని చిరునామా 192.168.1.1 ఉంటుంది. నెట్‌వర్క్ వివరాల్లో 'డిఫాల్ట్ గేట్‌వే' అన్నచోట సరిచూసుకోవచ్చు. రెండో దాంట్లో బయటి చిరునామాకు, అంటే గూగుల్ నడిపే 8.8.8.8 కు పెట్టండి. విండోస్‌లో చిరునామా తర్వాత ఖాళీ వదిలి, అడ్డగీత, దాని పక్కనే ఇంగ్లీషు 'టీ' అక్షరం కొడితే, మీరు కంట్రోల్, 'సీ' మీటలు కలిపి నొక్కేదాకా పరీక్ష నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆట ఆడండి. కుదుపు రాగానే రెండు కిటికీలూ చూడండి.

1. రౌటర్ అంకె కూడా పెరిగితే తప్పు ఇంట్లోని వైఫైది. రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య లాన్ కేబుల్ వేసి చూడండి. కుదుపు పోతే సంగతి తేలినట్టే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వాడే తరంగాలనే మైక్రోవేవ్ ఓవెన్ కూడా వాడుతుంది. క్వార్టర్స్‌లో పైనా కిందా పక్కనా అన్నీ రౌటర్లే. ఆ 2.4 లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే. కేబుల్ కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారి, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి.

2. రౌటర్ అంకె నిలకడగా ఉండి, బయటి అంకె మాత్రమే పెరిగితే ఇంట్లో ఎవరో ఏదో పెద్దది పంపుతుండవచ్చు.

3. ఇంట్లో ఎవరూ ఏమీ వాడకపోయినా బయటి అంకె పెరుగుతుంటే తప్పు ఇంటి బయట ఉంది. తేదీ, సమయం, అంకెలు రాసిన కాగితంతో కంపెనీకి ఫిర్యాదు చేయమని నాన్నతో చెప్పండి. "నెట్ బాలేదు" అనే మాట కంటే ఆ కాగితానికి విలువ ఎక్కువ.

4. రెండు అంకెలూ బాగానే ఉండి ఆట మాత్రం ఆగుతుంటే ఇంటర్నెట్‌ను తిట్టకండి. కంప్యూటర్ వేడెక్కిందేమో, ఫ్యాన్‌లో దుమ్ము ఉందేమో చూడండి. ఆట సర్వర్‌లోనే ఇబ్బంది కూడా ఉండవచ్చు.

ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి. ఒక్కటి మార్చి, చూసి, రాసుకుని, తర్వాత రెండోది. లేకపోతే ఏ మందుకు జబ్బు తగ్గిందో తెలియదు.

నోటుబుక్కు చెప్పిన నిజం

మా అబ్బాయి రోజూ కాసేపు ఒంటరిగా సాధన చేస్తూ నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు. సమయం, రెండు అంకెలు, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది. "పనికిరానిదనిపించినా సరే, రాయి" అన్నాను.

మంగళవారం చెల్లి గంటసేపు కార్టూన్లు చూసింది. బయటి అంకె 50 దాటలేదు. బుధవారం చెల్లి డాన్స్ క్లాసుకు వెళ్లింది. ఇల్లంతా నిశ్శబ్దం. అంకె 450 కి ఎగిరింది! రౌటర్ అంకె మాత్రం 3 దగ్గరే ఉంది. అంటే మన జాబితాలో రెండోదో, మూడోదో. ఆ రోజు ఆఖరి గడిలో వాడు రాసిన మాట: "నా ఫోన్ చార్జింగ్‌లో పెట్టాను."

గురువారం ఫోన్ చార్జింగ్‌లో పెట్టలేదు. కుదుపు రాలేదు. శుక్రవారం కావాలనే పెట్టాడు. కొద్ది నిమిషాల్లో వచ్చింది. తీసేస్తే పోయింది. మళ్లీ పెడితే మళ్లీ వచ్చింది.

వాడు తన పందేలన్నీ ఫోన్‌లో వీడియో తీసుకుంటాడు. ఆ ఫోన్‌లో చార్జింగ్‌లో ఉన్నప్పుడే బ్యాకప్ చేయాలనే సెట్టింగు ఉంది. ఆటకు కూర్చుంటూ వాడు ఫోన్‌ను చార్జర్‌కు తగిలిస్తాడు. అది బరువైన వీడియోలను ఒక్కొక్కటిగా బయటికి పంపడం మొదలుపెడుతుంది.

వాళ్ల ప్లాన్‌లో డౌన్‌లోడ్ 100 ఉన్నా అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ మాత్రమే. క్యాంటీన్ బిల్లింగ్ కౌంటర్ గుర్తు తెచ్చుకోండి. నెల సరుకులతో నిండిన ట్రాలీలు వరుసగా ఉన్నాయి. చేతిలో ఒక్క సబ్బుతో మీరు వాటి వెనక నిలబడ్డారు. మీ పని అర నిమిషమే. కానీ ముందున్నవాళ్లు కదలాలి కదా! రౌటర్‌లో కూడా అలాగే వరుస పేరుకుంటుంది. 5 లక్షల బైట్లు వరుసలో ఉన్నాయనుకుందాం. అంటే 40 లక్షల బిట్లు. సెకనుకు కోటి బిట్లు వెళ్లే దారిలో అవి కదలడానికి 0.4 సెకను, అంటే 400 మిల్లీసెకన్లు. మామూలు 50 కి అది కలిపితే 450. నోటుబుక్కులో ఉన్న అంకె అదే!

ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు. 2010 లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు కూడా దీన్ని తన ఇంటి కనెక్షన్‌లోనే పట్టుకున్నాడు.

డౌన్‌లోడ్ మాత్రమే పెంచే ఖరీదైన ప్లాన్ తీసుకుని ఉంటే డబ్బు పోయేది, కుదుపు ఉండిపోయేది. మేం చేసింది పైసా ఖర్చులేని పని. బ్యాకప్‌ను అందరూ పడుకున్నాక చేసేలా మార్చాం. కొన్ని రౌటర్లలో ఎస్‌క్యూఎం అనే అమరిక ఉంటుంది. అందులో అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతం దగ్గర పెడితే, సబ్బు పట్టుకున్నవాళ్లకు వేరే వరుస ఏర్పాటు చేసినట్టవుతుంది. అయితే రౌటర్ సెట్టింగులను పెద్దవాళ్ల అనుమతి లేకుండా ముట్టుకోకండి. వాళ్ల ఆఫీసు పని కూడా ఆ దారిలోనే నడుస్తుంది.

సోమవారం వాడు తరగతికి వచ్చి, "శనివారం నలుగురం ఆడాం మేడమ్. నేను మూడోవాణ్ణి" అన్నాడు. ఆ నవ్వు చూస్తే మొదటి స్థానం వచ్చినవాడికి కూడా అంత సంతోషం ఉండదనిపించింది.

"మరి చెల్లి?" అని అడిగాను.

తల దించుకున్నాడు. "సారీ చెప్పాను మేడమ్. తనకూ ఆట నేర్పమంది. నేర్పిస్తున్నాను."

పిల్లలూ! ఈసారి మీ ఆట ఆగిపోయినప్పుడు ఎవరి మీదా అరవకండి. ఒక నోటుబుక్కు తీయండి. మనుషుల మీద మనకుండే అనుమానాన్ని అంకెలు చాలాసార్లు తప్పని తేలుస్తాయి. అన్నట్టు, నోటుబుక్కులో మీ ఫోన్‌కు కూడా ఒక గడి ఉంచడం మరచిపోకండి.

— తెలుగు ఉపాధ్యాయిని