గిన్నెడు సూపు, కొండంత క్వారీ

పోయిన వారం కార్యక్రమం అయ్యాక ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, మా అబ్బాయి వాళ్ళ ఇంటికి కాస్త దూరంలో రాళ్ళ క్వారీ పెడతామని బోర్డు కట్టారు. ఊళ్ళో వాళ్ళు మీటింగులు పెట్టుకుంటున్నారు. మనం వెళ్ళాలా? వెళ్తే మాత్రం మన మాట ఎవరు వింటారు?" అని అడిగారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే ఈ వారం మన ఒంటారియోలోనే జరిగిన ఒక కథ చెప్తాను.

టొరంటోకి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో మెలాంక్తన్ అనే టౌన్‌షిప్ ఉంది. జనాభా సుమారు మూడు వేలే. దక్షిణ ఒంటారియోలో బాగా ఎత్తున ఉన్న ప్రాంతాల్లో అదొకటి. అక్కడి నేలని హనీవుడ్ సిల్ట్ లోమ్ అంటారు. రాయి రప్ప లేని మెత్తటి ఒండ్రు లాంటి మట్టి, బంగాళాదుంపకి పెట్టింది పేరు. ఆ చుట్టుపక్కల పుట్టిన నీరే గ్రాండ్ నదిగా ఈరీ సరస్సుకీ, నోటవసాగా నదిగా జార్జియన్ బే వైపుకీ పోతుంది. ఆ మట్టి కింద ఉన్నది మేలు రకం సున్నపురాయి జాతి రాయి. రోడ్లకీ కాంక్రీటుకీ దానికి మించిన కంకర లేదంటారు. పైన అన్నం, కింద రాయి, మధ్యలో నీళ్ళు. గొడవంతా ఈ మూడింటి మధ్యే.

2006 ప్రాంతం నుంచి హైలాండ్ కంపెనీస్ అనే సంస్థ అక్కడ పొలాలు కొనడం మొదలుపెట్టింది. దాని వెనక ఉన్న డబ్బు బోస్టన్‌కి చెందిన బౌపోస్ట్ అనే హెడ్జ్ ఫండ్‌ది. బంగాళాదుంపలు పండిస్తాం అన్నారు, పండించారు కూడా. 2011 మార్చిలో మాత్రం 2,316 ఎకరాల్లో క్వారీకి దరఖాస్తు పెట్టారు. కాగితాలే మూడు వేల పేజీలకు పైగా ఉన్నాయి. అభ్యంతరాలు చెప్పడానికి చట్టం మొదట ఇచ్చిన గడువు 45 రోజులు. పాలు పితుక్కునే రైతు, పొద్దున్నే పిల్లల్ని బడికి పంపే తల్లి అన్ని పేజీలు ఎప్పుడు చదవాలి చెప్పండి!

అసలు భయం నీళ్ళ గురించి. గొయ్యి భూగర్భ నీటి మట్టానికి సుమారు 200 అడుగుల కిందికి పోతుంది. బావి తవ్వితే నీరు ఊరినట్టే క్వారీలోనూ ఊరుతుంది. గొయ్యి పొడిగా ఉండాలంటే రాత్రీ పగలూ తోడుతూనే ఉండాలి. కంపెనీ లెక్క ప్రకారమే అది రోజుకి 60 కోట్ల లీటర్లు. మన ఊళ్ళలో తిరిగే 5,000 లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్లతో కొలిస్తే, రోజుకి లక్షా ఇరవై వేల ట్యాంకర్లు. తోడిన నీటిని మళ్ళీ భూమిలోకే పంపిస్తాం, రాయి అయిపోయాక గొయ్యి అడుగునే వ్యవసాయం చేస్తాం అని కంపెనీ చెప్పింది. అలా చెయ్యాలంటే తవ్వకం ఆగిపోయాక కూడా మోటార్లు ఆగకూడదు. పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ కాదు, శాశ్వతంగా. నేను కంప్యూటర్ సిస్టమ్స్ మీద పనిచేసేవాణ్ణి. ఎప్పటికీ ఆగకూడని యంత్రం అని ఎవరైనా అంటే నాకు ముందుగా వచ్చే సందేహం ఒకటే: కంపెనీ మూతపడితే కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. కంకర బరువు ఎక్కువ, ధర తక్కువ. లారీ దూరం వెళ్ళేకొద్దీ రాయి ధర కంటే కిరాయి పెరిగిపోతుంది. అందుకని వాడే చోటికి వీలైనంత దగ్గర్లోనే తవ్వుకోనివ్వాలని 2005 నాటి ఒంటారియో ప్రణాళికా విధానం చెప్పింది. అంతే కాదు, ఆ రాయి నిజంగా అవసరమా అన్నది దరఖాస్తుదారు నిరూపించనక్కర్లేదని కూడా అందులో ఉంది. అంటే "ఇంత క్వారీ ఎందుకు?" అన్న మామూలు ప్రశ్నకి నియమాల్లో చోటే లేదు. అందుకే ఊరివాళ్ళు నీరు, నేల, దుమ్ము, లారీలు, పేలుళ్ళు అంటూ ఒక్కొక్కటీ పట్టుకుని అడగాల్సి వచ్చింది.

వాళ్ళు అప్పటికే 2009లో ఎన్‌డాక్ట్ అనే సంఘం పెట్టుకున్నారు. నీటి నిపుణుల్నీ లాయర్లనీ పెట్టుకోవడానికి చందాలు వేసుకున్నారు. 2011 ఏప్రిల్‌లో టొరంటోలోని శాసనసభ దగ్గర నుంచి మెలాంక్తన్ దాకా అయిదు రోజులు నడిచారు. ఆ ఏడు సెప్టెంబరులో, ఎన్నికలకి నెల ముందు, ప్రభుత్వం ఈ క్వారీకి పూర్తి పర్యావరణ పరిశీలన జరగాలని ఆదేశించింది. ఒంటారియోలో ఒక క్వారీకి అలా ఆదేశించడం అదే మొదటిసారి. అక్టోబరు 16న మైఖేల్ స్టాట్‌లాండర్ అనే వంటమాస్టరూ ఆయన తోటివారూ పొలాల్లోనే ఫుడ్‌స్టాక్ అని వంటల పండగ పెడితే, వానా చలీ లెక్కచెయ్యకుండా సుమారు 28,000 మంది వచ్చారు.

మరుసటి ఏడు, 2012 అక్టోబరు 21న, టొరంటో ఉడ్‌బైన్ పార్కులో సూప్‌స్టాక్ పెట్టారు. దానికి నేనూ వెళ్ళాను. అప్పుడు మాస్టర్స్ చదువుతున్నాను. నిజం చెప్పాలంటే ఉద్యమం కోసం కాదు, సూప్ కోసం వెళ్ళాను. చేతిలో గిన్నెతో వరసలో నిలబడితే, ముందున్న ముసలి రైతు "మీ ఊరెక్కడ?" అని అడిగాడు. చీమకుర్తి దగ్గర అన్నాను. ఆయనకి ఆ పేరు తెలియదు. కానీ ఇక్కడి వంటిళ్ళలో గట్లకి వేసే, బంగారు చుక్కలున్న నల్ల గ్రానైట్ తెలుసు. బ్లాక్ గెలాక్సీ. ఆ రాయి మా ప్రకాశం జిల్లాదే. "అయితే మీ బావుల సంగతేమిటి?" అన్నాడాయన.

నా దగ్గర జవాబు లేదు. మా నాన్నగారి బావి ఎండిపోయింది. క్వారీ గుంటల వల్లే అన్నారు కొందరు. వానల్లేక అన్నారు కొందరు. బోర్లు ఎక్కువై అన్నారు ఇంకొందరు. ఎవరిది నిజమో తేల్చడానికి ముందు నీళ్ళు ఎంత లోతులో ఉండేవో రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు. నాన్నగారు మండలాఫీసుకి వెళ్తే "రుజువేదీ?" అన్నారు. రుజువు లేని బాధ అలా బాధగానే మిగిలిపోయింది.

సూప్‌స్టాక్‌కి సుమారు 40,000 మంది వచ్చారు. సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబరు 21న, కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ప్రజల నుంచీ ప్రభుత్వం నుంచీ తగినంత మద్దతు లేదని చెప్పింది. 2013లో ఆ పొలాల్ని వ్యవసాయ భూముల మీద పెట్టుబడి పెట్టే సంస్థకి అమ్మేశారు. ఇది ఒక్కటే కాదు, మనకి ఇంకా దగ్గర్లో, కాలెడాన్‌లో రాక్‌ఫోర్ట్ క్వారీని కూడా 2010లో ఒంటారియో మునిసిపల్ బోర్డు తిరస్కరించింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మనం కొనుక్కున్న కొత్త ఇళ్ళు, వాటి ముందు డ్రైవ్‌వేలు, రోజూ తిట్టుకుంటూ వెళ్ళే హైవేలు, అన్నీ కంకరే. క్వారీ అసలు వద్దనడం అన్నం కావాలి గానీ పొయ్యి వద్దన్నట్టు ఉంటుంది. ఎక్కడ, ఎంత లోతు, నీటి పూచీ ఎవరిది, పాత కాంక్రీటు పగలగొట్టి ఎంత వాడుతున్నాం? ఇవీ అడగాల్సినవి.

కాబట్టి అమ్మా, మీరు వెళ్ళండి. నోటీసులో అభ్యంతరాల గడువు తేదీ చూడండి. తవ్వకం నీటి మట్టానికి పైనా, కిందా అన్నది ముందు అడగండి. మీ అబ్బాయి ఇంట్లో బావి ఉంటే ఈ వారమే నీటి మట్టం కొలిపించి, నీరు పరీక్ష చేయించి, తేదీతో సహా కాగితం దాచుకోండి. అభ్యంతరం మాటలతో వదిలెయ్యకుండా రాతలో ఇవ్వండి. ఇంగ్లీషు రాయడం ఇబ్బందైతే నాకు చెప్పండి, కూర్చుని రాద్దాం. మా నాన్నగారికి ఆ రోజు ఎవరూ చెప్పని మాట ఇదొక్కటే.

మళ్ళీ వారం కలుద్దాం. సెలవు.