కాకి, తాటిపండు, కంటికి కనబడని గాలి

కాకి వాలింది, తాటిపండు రాలింది. రెంటికీ సంబంధం లేకపోయినా ఉన్నట్లే తోస్తుంది. మన పూర్వులు దీనిని కాకతాళీయ న్యాయమన్నారు. అయితే వ్యాధుల కారణాలను అన్వేషించే శాస్త్రజ్ఞులను ఎక్కువగా ఏమార్చేది యాదృచ్ఛికత కాదు, గాలి. గాలి తాకిడికి కాకి చెట్టును ఆశ్రయించింది. ఆ గాలికే పండూ రాలింది. కాకిని నిందిస్తే గాలి తప్పించుకుంటుంది. వైద్యంలో ఇటువంటి పొరపాటుకు మూల్యం కొన్నిసార్లు ప్రాణాలతో చెల్లించవలసి వస్తుంది.

ఎవరితో పోల్చారు?

1981లో వెలువడిన ఒక పరిశీలనలో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు క్లోమ క్యాన్సర్ వచ్చిన 369 మందినీ, ఇతర వ్యాధులతో ఆస్పత్రిలో ఉన్న 644 మందినీ ప్రశ్నించారు. రోజుకు మూడు కప్పులు, అంతకు మించి కాఫీ తాగేవారికి ఈ క్యాన్సర్ ముప్పు 2.7 రెట్లని లెక్క తేలింది. కాఫీ ప్రియులు కలవరపడ్డారు.

చిక్కు ఆ 644 మందిలో ఉంది. వారిలో పలువురు అవే వైద్యుల వద్ద జీర్ణకోశ వ్యాధులకు చికిత్స పొందుతున్నవారు. కడుపులో మంట, పుండు ఉన్నవారు సహజంగానే కాఫీ తగ్గించుకుంటారు. వారి పక్కన నిలబెడితే ఎవరైనా కాఫీ ఎక్కువ తాగినట్లే కనబడతారని విమర్శకులు ఎత్తిచూపారు. 1986లో అదే బృందం మరల పరిశీలించినపుడు మునుపటి ఫలితం బలపడలేదు. లోపం తూచిన సరుకులో లేదు, తూనికరాళ్లలో ఉంది. శాస్త్రజ్ఞులు దీనిని పక్షపాతమంటారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనవసరం లేదు.

మహిమ మాత్రదా, మనిషిదా?

1976లో అమెరికాలో 1,21,700 మంది నర్సులతో ఒక దీర్ఘకాల పరిశీలన మొదలైంది. ముట్లుడిగిన తరువాత హార్మోను మాత్రలు వాడినవారిలో గుండెజబ్బు తక్కువగా కనబడింది. మాత్ర గుండెకు కవచమని ఎందరో వైద్యులు విశ్వసించారు. లక్షలాది స్త్రీలు వాడారు.

కాని ఈ మాత్రలు వాడేదెవరు? ఎక్కువగా చదువుకున్నవారు, కలిగినవారు, వ్యాయామం చేసేవారు, తరచు వైద్యుని సంప్రదించేవారు. వారి గుండెను కాపాడింది మాత్రా, జీవన విధానమా?

దీనిని తేల్చడానికి మేలైన మార్గం, మాత్ర ఎవరికన్నది ఇష్టానికి వదలక చీటీ వేసినట్లు నిర్ణయించడం. ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అదే చేసింది. 50–79 ఏళ్ల వయసుగల 16,608 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర, మరొక వర్గానికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున 5.2 ఏళ్లు గడిచాక, 2002 జూలైలో ప్రయోగాన్ని గడువుకు ముందే ఆపివేశారు. మందు వాడిన ప్రతి 10,000 మందిలో ఏటా గుండెజబ్బు 7, పక్షవాతం 8, రొమ్ము క్యాన్సర్ 8 చొప్పున అదనంగా తేలాయి. తుంటి ఎముక విరగడం మాత్రం 5 తగ్గింది. మాత్ర ఏ వయసులో ప్రారంభించారన్నది కూడా ఫలితాన్ని కొంత మార్చవచ్చునని తరువాత తెలిసింది. అయినా గుండెజబ్బు రాకుండా ఈ మాత్ర వాడాలన్న సలహా మాత్రం నిలవలేదు.

1980లో వెలువడిన మరొక అమెరికన్ ప్రయోగ ఫలితం ఇంకా విచిత్రమైనది. ఒకసారి గుండెపోటు వచ్చినవారిలో, ఉత్తుత్తి మాత్రనే క్రమం తప్పక వేసుకున్నవారు అయిదేళ్లలో 15 శాతం మరణించగా, సరిగా వేసుకోనివారు 28 శాతం మరణించారు. మాత్రలో ఏమీ లేదు. తేడా అంతా మనుషులలోనే!

అనుమానానికీ హద్దుంది

అట్లని ప్రతి లెక్కనూ కొట్టివేయరాదు. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం చూపారు. పొగ అలవాటుకూ, క్యాన్సర్‌కూ కూడా మూలమైన వంశలక్షణం ఉండవచ్చునని గణాంకశాస్త్ర మేధావి రొనాల్డ్ ఫిషర్ తరువాత వాదించాడు. ప్రశ్న న్యాయమైనదే. కాని 1951 నుంచి బ్రిటిష్ వైద్యులను దశాబ్దాలపాటు గమనించగా, పొగ పెరిగినకొద్దీ ముప్పు పెరిగింది, మానినవారికి తగ్గింది. పుట్టుకతో వచ్చిన గుణమే కారణమైతే, సిగరెట్టు మానినంత మాత్రాన ముప్పు తగ్గదు గదా! ముప్పయ్యో ఏట మానినవారు సుమారు పదేళ్ల ఆయుర్దాయాన్ని దక్కించుకున్నారని 2004 నాటి ఫలితాలు తెలిపాయి.

కనుక ఫలానాది తింటే ఫలానా వ్యాధి అని చదివినపుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరిని ఎవరితో పోల్చారు? రెంటినీ కదిలించే మూడవది ఏదైనా ఉన్నదా? దాని ప్రభావాన్ని తీసివేసి చూసినా సంబంధం నిలిచిందా? కాకిని దోషిగా నిర్ణయించే ముందు గాలి ఎటు వీస్తున్నదో చూడాలి. ఎంత వెదకినా గాలి జాడ లేకపోతే, కాకిని వదిలిపెట్టనూ కూడదు.