ఇంటి సౌరవిద్యుత్తు - స్థానిక పర్యవేక్షణ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో మిద్దెపై సౌర ఫలకాలు పెట్టుకొని గ్రిడ్‌కు కలిపిన ఇళ్లలో నెట్ మీటరు ఉంటుంది. అది గ్రిడ్ నుంచి వచ్చిన యూనిట్లను, గ్రిడ్‌కు పోయిన యూనిట్లను మాత్రమే లెక్కిస్తుంది. బ్యాటరీ సంగతి దానికి తెలియదు.

ధర్మవరంలో పట్టుమగ్గం ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. 3 కిలోవాట్ల ఫలకాలు మంచి ఎండరోజున 12 యూనిట్లు ఇచ్చాయి. గ్రిడ్‌కు 5 పోయాయి, గ్రిడ్ నుంచి 3 వచ్చాయి. బ్యాటరీ 4 తీసుకొని 3 ఇచ్చింది. ఇన్వర్టరు నష్టాన్ని పక్కన పెడితే, ఇంటి వాడకం 12 + 3 + 3 - 5 - 4 = 9 యూనిట్లు. నెట్ మీటరులో కనిపించేవి 5, 3 మాత్రమే. సాయంత్రం కరెంటు పోతే మగ్గం దగ్గర దీపాలు ఎంతసేపు వెలుగుతాయో వాటినిబట్టి చెప్పలేం.

మిగతా అంకెలు ఇన్వర్టరులో ఉంటాయి. కంపెనీ యాప్ సాధారణంగా వాటిని ఇంటర్నెట్ ద్వారా తన సర్వరుకు పంపి, అక్కడి నుంచి ఫోనుకు తెస్తుంది. అమర్చుకోవడం తేలికే. కాని కరెంటుతోపాటు ఇంటర్నెట్ కూడా పోతే, సరిగ్గా అవసరమైన గంటలోనే అది మూగబోతుంది. స్థానిక పర్యవేక్షణలో రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు ఇన్వర్టరు ఆర్‌ఎస్-485 పోర్టు నుంచి మోడ్‌బస్ పద్ధతిలో అంకెలు చదివి ఇంట్లోనే భద్రపరుస్తుంది. హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఇందుకు చాలు. ఆ కంప్యూటరునూ వైఫై రూటరునూ బ్యాటరీ లైనుకే కలపాలి, లేకుంటే చేసిందంతా వృథా.

అందుకే ఇన్వర్టరు కొనేముందే మోడ్‌బస్ రిజిస్టర్ల పట్టిక ఇస్తారా అని అడగాలి. ఇవ్వకపోతే తీగకు తగిలించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లతో విడిగా కొలుచుకోవచ్చు. అవి ఏసీ తీగలకే పనికివస్తాయి. బ్యాటరీ డీసీ తీగకు షంట్ కావాలి.