విరుగుడు తేటయు ప్రజారోగ్యమును

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గముననున్న పెద్దవూరవంటి గ్రామములలో గేదె రైతునకు రెండవ పంటవంటిది. వానలు మొగము చాటువేసి చేను చేతికి రాని యేట పాల పైకమే యిల్లు గడుపును. ఊరి పాలు కేంద్రమునకు చేరి, పట్టణమునకు పోయి, పెరుగు, నెయ్యి, పనీరు అగుచున్నవి. పనీరు తినువారు నానాట హెచ్చుచున్నారు. కాని పాలు విరుగగొట్టి పనీరు తీసిన పిమ్మట మిగులు తేట యేమగుచున్నదని విచారించువారు మాత్రము అరుదు. ఆ విచారణయే నేడు మేము చేయదలచినాము.

పది లీటర్ల పాలను విరుగగొట్టినచో సుమారు ఎనిమిది లీటర్ల తేట మిగులును. చూచుటకు పసుపుపచ్చని నీరేయైనను అందు నూటికి నాలుగైదుపాళ్లు పాలచక్కెరయు, కొంత మాంసకృత్తును, లవణములును గలవు. ఇంటిలో మిగిలిన గ్లాసెడు తేటతో పిండి కలుపుకొనవచ్చును. కర్మాగారమున వేలలీటర్లు మిగిలినపుడు దానిని శుద్ధిచేయక కాలువలోనికి విడిచిరేని అది విషముతో సమానమగును. అందలి చక్కెరను తినుచు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును, చేపలు చచ్చును, నీరు కుళ్లును. ఈ విషయమున తేట సామాన్యపు మురుగునీటికంటె నూరురెట్లకు పైగా చెఱుపు చేయగలదు.

ఇట్లు కాలువను చెఱుపు చక్కెరయే మనుష్యునకు మేలుచేయు సూక్ష్మజీవికి ఆహారముగా నొసగవచ్చును. స్విట్జర్లాండు దేశపు జున్నుగడ్డలలో రంధ్రములు కలిగించు ప్రొపియోనిబాక్టీరియము అట్టిది. అది పాలచక్కెరను తిని పెరుగుచు తన కణములలో బి-12 విటమినును కూర్చుకొనును. ఈ విటమినును మొక్కలు చేయజాలవు. మనుష్యుడును, పశువును సైతము చేయజాలరు. గేదె పాలలో నుండు బి-12 కూడ దాని కడుపులోని సూక్ష్మజీవులు మేతలోని కోబాల్టుతో తయారుచేసినదే. కావున తేటలో విటమినును పండించుట ప్రకృతికి విరుద్ధమైన పని కాదు. గేదె కడుపులో జరుగు పనిని పాత్రలో జరిపించుటయే.

మనుష్యునకు దినమునకు కావలసిన బి-12 సుమారు రెండు మైక్రోగ్రాములు మాత్రమే. అంతమాత్రము దొరకనిచో రక్తము పలుచనగును, కాలుసేతులు తిమ్మిరులెక్కును, జ్ఞాపకము తగ్గును, గర్భిణికి లోపించినచో శిశువునకు హాని. మాంసము, చేపలు, గ్రుడ్లు తినని యింట దీనికి పాలును, పాలతో చేసినవియే ముఖ్యాధారము. పాలన్నియు కేంద్రమునకు పోసి, బిడ్డలకు నీళ్ల తేనీరిచ్చు ఇండ్లు మన పల్లెలలో లేకపోలేదు. పాడిగల యింటనే పౌష్టికలోప మేర్పడుట కంటె విపరీత మేమున్నది?

ఈ శాస్త్రము తెలుగువారికి పరాయిది కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. అది రక్తహీనతను పోగొట్టెను గాని, ప్రమాదకరమైన యొక జాతి రక్తహీనతలో నరములకు కలుగు చెఱుపును మాన్పలేకపోయెను. ఆ కొఱతను తీర్చిన బి-12 ఎఱ్ఱని స్ఫటికముల రూపమున 1948లో అమెరికాయందును ఇంగ్లండునందును వేర్పరుపబడెను. సుబ్బారావుగారు కీర్తిశేషులైనదియు ఆ సంవత్సరముననే. మొదట కాలేయమునుండి తీసిన యీ విటమినును తరువాత స్ట్రెప్టోమైసిను తయారీలో మిగిలిన ద్రవమునుండి తీసి విక్రయించిరి. అనగా పారబోయవలసినదానిలో బి-12ను చూచుట యిది మొదటిసారి కాదు.

పని సులభమని మేము చెప్పము. ఈ సూక్ష్మజీవి మెల్లగా పెరుగును. తాను విడుచు ఆమ్లము తన్నే చంపకుండ దానిని ఎప్పటికప్పుడు విఱుచుచుండవలెను. తేటలో కొంచెము కోబాల్టు లవణమును, నత్రజని గల ఆహారమును చేర్చవలెను. మొదట గాలి సోకనీయక పెంచి, పిమ్మట కొంచెము గాలి నీయవలెను. ఇంత చేసినను లీటరునకు దొరకు విటమిను మిల్లీగ్రాములలో లెక్కింపవలసినదే. కాని యొక్క మిల్లీగ్రాము ఐదువందలమందికి ఒక దినమునకు చాలునని మరువరాదు. విదేశములలోని పెద్ద కర్మాగారములతో ధరలో పోటీపడి శుద్ధమైన విటమినును అమ్ముట మన డెయిరీలకు కష్టము. సూక్ష్మజీవులతోనే ఆహారమును పుష్టిపరచు మార్గమును ముందు పరీక్షించుట యుక్తమని మా యభిప్రాయము.

ఇది పల్లెయింట కుండలో చేయదగిన పని కాదు. ప్రయోగశాల కావలెను; శుచి కావలెను; ప్రతి విడతను కొలిచి చూడవలెను. కొన్ని జీవులు బి-12ను పోలియుండి మనుష్యునకు పనికిరాని పదార్థమును చేయును గనుక, పరీక్ష లేని పొడిని మందని యమ్ముట మోసమగును. ఇందుకు వలసిన విద్య మనకు దూరమున లేదు. కామారెడ్డిలో పాల సాంకేతిక కళాశాల గలదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ గలదు. పాలు పోయు రైతులకు నల్లగొండ-రంగారెడ్డి సహకార యూనియను గలదు. ఈ మువ్వురు కూడి, ఒక్క కర్మాగారపు తేటతో చిన్న ప్రయోగమును ప్రారంభించి, ఫలితము లాభమైనను నష్టమైనను ప్రజలకు తెలుపవలెనని మేము కోరుచున్నాము.

లాభము కలిగినచో అందు మొదటి హక్కు ఎవరిది? పాలు రైతువి, తేటయు ఆ పాలలోనిదే. వెన్నకు, నెయ్యికి ధర కట్టి తేటకు సున్న చుట్టుట యింతవరకు సాగినది. తేటకు విలువ వచ్చిననాడు అది పాలధరలో కనబడవలెను. పుష్టిపరచిన యాహారము ముందుగా అంగన్‌వాడీ బిడ్డలకును గర్భిణులకును చేరవలెను. అంతవరకు పాడిగల ప్రతి తల్లికి మా మనవి యొక్కటియే: కేంద్రమునకు పాలు పోయుటకు ముందు బిడ్డకొక గ్లాసెడు ఉంచుకొనుడు. ఏ కర్మాగారమును ఆ గ్లాసునకు బదులు కాజాలదు.