నిప్పు సోకని నీలం

నవరత్నాలలో శనైశ్చరునికి చెందినది నీలం. ఏలినాటి శని ఆరంభమైందని తెలియగానే ఎన్నో ఇళ్లలో మొదట తలచుకునేది ఈ రత్నాన్నే. కలిసివస్తే అందలం ఎక్కిస్తుందనీ, పొసగకపోతే మూడు రోజుల్లోనే కీడు చూపుతుందనీ నమ్మిక. ఉంగరం చేయించేముందు రాయిని తలగడ కింద ఉంచుకుని పరీక్షించే ఆచారం అందుకే వచ్చింది.

దీని పుట్టుకను గరుడ పురాణం చెబుతోంది. దేవతల కోరికపై బలాసురుడు యజ్ఞపశువుగా తన దేహాన్నే అర్పించగా అతని అవయవాలు రత్నబీజాలయ్యాయి. కన్నులు పడిన చోటు సింహళం. నేటికీ శ్రీలంకలోని రత్నపుర నీలాలకు ప్రసిద్ధి. నడుమ ఇంద్రధనుస్సు కాంతి తోచేది ఇంద్రనీలం. నూరు రెట్ల పాలలో వేసినా ఆ పాలన్నిటికీ నీలిమ పట్టించేది మహానీలం. ఇక 1881 ప్రాంతంలో కశ్మీరులోని పాడర్ కొండల్లో బయటపడిన నీలాలది మరో అందం. ఊదా ఛాయ తొంగిచూసే ఆ మెత్తని నీలిమకు సాటిలేదంటారు. మేలిరకం రాళ్లు కొద్ది ఏళ్లలోనే అడుగంటాయి.

అదే పురాణంలో ఒక హెచ్చరిక ఉంది. పరీక్ష కోసం గానీ, వన్నె పెంచడానికి గానీ నీలాన్ని నిప్పులో పెట్టరాదు. దాహదోషం సోకిన మణి ధరించినవారికీ, కాల్చినవారికీ, కాల్పించినవారికీ అనర్థమట.

నేడు జరుగుతున్నది సరిగ్గా ఇదే. శ్రీలంకలో దొరికే ‘గ్యూడా’ అనే పాలవన్నె రాళ్లను 1970ల నుంచి థాయ్‌లాండ్ వర్తకులు కొలిమిలో 1,500 డిగ్రీలకు మించిన వేడిలో కాల్చి నీలాలుగా మారుస్తున్నారు. ఇప్పుడు అంగళ్లలో ఉన్నవాటిలో అధికభాగం వేడి చేసినవే. చెప్పి అమ్మితే వ్యాపారంలో అది తప్పు కాదు. నగకైతే చింతా లేదు. గ్రహశాంతికి కొనేవారు మాత్రం అడిగి తెలుసుకోవాలి. ధ్రువపత్రంలో ‘నేచురల్’ అని ఉంటే భూమిలో పుట్టిన రాయి అని మాత్రమే అర్థం. వేడి చేసినదీ లేనిదీ విడిగా రాసి ఉందో లేదో చూడాలి. కాల్చని మేలి నీలం ధర ఎన్నో రెట్లు ఎక్కువ.

అంత పెట్టలేనివారిని అప్పు చేసి కొనమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కోనసీమలోని మందపల్లిలో శనైశ్చరుడే ప్రతిష్ఠించినట్లు చెప్పే శివలింగం ఉంది. మందుడంటే శని, అందుకే స్వామి మందేశ్వరుడు. శనివారం త్రయోదశి కలిసిన నాడు నువ్వుల నూనెతో అక్కడ తైలాభిషేకాలు జరుగుతాయి.