పసుపు చేతికి ఏ వాచీ బెల్టు?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా పెర్కిట్‌లో ఎవరి చెయ్యి చూసినా అది ఏ సీజనో ఇట్టే చెప్పేయొచ్చు. గోళ్ళు పసుపు, అరచెయ్యి పసుపు, మణికట్టు మీదున్న వాచీ బెల్టు కూడా పసుపే. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, పాలిష్ పట్టించడం, బస్తాలకెత్తి నిజామాబాద్ మార్కెట్ యార్డుకి తోలడం... ఇన్ని పనుల్లోనూ వాచీ చేతికే ఉంటుంది. జేబులో ఎంత మంచి ఫోనున్నా, పసుపు చేతుల్తో దాన్ని బయటికి తీయాలంటే ప్రాణం ఒప్పదు కదా!

ఇన్ని కష్టాలు పడ్డా వాచీకి పెద్దగా ఏమీ కాదు. లోపలి క్వార్ట్జ్ మెషీన్‌కి రెండు మూడేళ్ళకోసారి సెల్ మారిస్తే చాలు, ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. ముందు పోయేది బెల్టే. మన ఇళ్ళలో బీరువాలు తెరిచి చూడండి. తాతకి పెళ్ళిలో పెట్టిన హెచ్ఎంటీ వాచీ ఉంటుంది. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైన హెచ్ఎంటీ వాచీల వ్యాపారం 2016లో మూతపడింది. కంపెనీ పోయింది గానీ, ఆ వాచీకి కీ ఇస్తే ఇప్పటికీ టిక్ టిక్ అంటుంది. పెట్టుకుందామంటే బెల్టు ఉండదు. పక్కనే బాపు దుబాయ్ నుంచో, సౌదీ నుంచో తెచ్చుకున్న చైన్ వాచీ పిన్ను ఊడిపోయి డబ్బాలో పడి ఉంటుంది. ఎండలో చెమటోడ్చి కొన్న వాచీ, చిన్న బెల్టు కారణంగా మూలన పడటం అన్యాయం కాదూ?

అందుకే ఈసారి బెల్టు కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బెల్టుని వాచీ అందం చూసి కాదు, మీ చెయ్యి రోజంతా ఎక్కడెక్కడ తిరుగుతుందో చూసి కొనాలి.

బెల్టుని తినేసేవి ఇవే

మొదటిది చెమట. నీళ్ళు ఆరిపోతాయి గానీ, చెమటలోని ఉప్పు ఆరిపోదు. బెల్టు సందుల్లో పేరుకుని లెదర్‌ని గట్టిపరుస్తుంది, కుట్లని పాడుచేస్తుంది, చౌక మెటల్ మీది పూతని లేపేస్తుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే నిజామాబాద్ జిల్లాలో ఈ శత్రువుని తక్కువ అంచనా వేయొద్దు.

రెండోది తడిసి ఎండటం. పొద్దున పొలం నీళ్ళలో తడిసి, మధ్యాహ్నం బైకు మీద ఎండి, సాయంత్రం మళ్ళీ తడిస్తే ఏ తోలైనా బిరుసెక్కి పగులుతుంది.

మూడోది వంపు. రోజూ ఒకే రంధ్రంలో పెట్టి, ఒకే చోట వంచుతాం. బెల్టు తెగితే ఎక్కువగా అక్కడే, లేదంటే వాచీకి అతికే మొదట్లో.

నాలుగోది మన ఊరి స్పెషల్. అదే పసుపు.

మరక ఎందుకు పోదంటే...

పసుపుకి ఆ రంగునిచ్చేది కర్క్యుమిన్. దానికి నీళ్ళంటే పడదు. నూనె, స్పిరిట్ లాంటి వాటిలోనే బాగా కరుగుతుంది. అందుకే ఎన్ని నీళ్ళు పోసి కడిగినా మరక నవ్వుతూ అక్కడే కూర్చుంటుంది. సబ్బు రుద్దితే ఇంకా తమాషా, మరక ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ రంగు రావడం మన అమ్మలకి ఎప్పుడో తెలుసు. సబ్బుకీ సున్నంలాగే క్షార గుణం ఉంది. రంగు మారింది కదా అని కంగారుపడి ఇంకా రుద్దకండి.

కర్క్యుమిన్‌కి ఒక బలహీనత ఉంది. వెలుతురు తగిలితే అది నెమ్మదిగా విరిగిపోతుంది. తెల్ల చొక్కా మీద పడ్డ కూర మరక, ఉతికి ఎండలో ఆరేస్తే పలచబడటం మీరు చూసే ఉంటారు. సిలికాన్, నైలాన్ బెల్టులకి కూడా అదే మందు. వాచీ నుంచి బెల్టు తీసేసి, దూదితో శానిటైజర్ అద్ది తుడవండి. తరవాత తక్కువ సబ్బుతో కడిగి, రెండు మూడు రోజులు పొద్దుటి ఎండలో పెట్టండి. పూర్తిగా పోకపోయినా చాలావరకు తగ్గుతుంది. లెదర్‌కి మాత్రం ఈ ప్రయోగం వద్దు. శానిటైజర్ పడితే లెదర్ రంగూ పోతుంది, మెత్తదనమూ పోతుంది.

అసలు గొడవే లేకుండా ఉండాలంటే లేత రంగులు మానేయండి. తెలుపు, లేత బూడిద, క్రీమ్ రంగు సిలికాన్ షాపులో అద్దాల కింద బాగుంటాయి, పసుపు కల్లంలో కాదు. నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ తీసుకుంటే సీజన్ దాటినా కొత్తగానే కనిపిస్తాయి.

ఏ రకం ఎలా ఉంటుంది?

లెదర్: చేతికి హాయిగా ఉంటుంది, రోజులు గడిచే కొద్దీ మణికట్టు ఆకారానికి ఒదుగుతుంది. ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ళకి ఏడాది, రెండేళ్ళు వస్తుంది. చెమట పట్టే పనికి, వానకి అస్సలు సెట్ కాదు. కొనేటప్పుడు ‘జెన్యూన్ లెదర్’ అనే ముద్ర చూసి మోసపోకండి. అది తోలే అని మాత్రం చెబుతుంది, మంచి తోలు అని చెప్పదు. తోలు పైపొరని చెక్కకుండా అలాగే ఉంచితే దాన్ని ఫుల్ గ్రెయిన్ అంటారు. గట్టిగా నిలిచేది అదే. ‘పీయూ లెదర్’ అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. తేమకి ఆ పూత పొట్టులా లేచిపోతుంది. బెల్టు అంచు దగ్గర, రంధ్రాల లోపల చూడండి. గుడ్డ పోగులు కనిపిస్తే అది పీయూ అన్నమాట.

సిలికాన్: నీళ్ళకి, చెమటకి చెక్కు చెదరదు. జిమ్‌కి, వానాకాలానికి మంచిది. దుమ్ము అంటుకోవడం, గాలి ఆడక చర్మం చెమర్చడం దీని చెడ్డ గుణాలు. స్మార్ట్ వాచీలకి ఫ్లోరోఎలాస్టమర్ అనే ఖరీదైన రబ్బరు బెల్టులు కూడా వస్తున్నాయి. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని నోటర్‌డామ్ యూనివర్సిటీ పరిశోధకులు 22 వాచీ బ్యాండ్లని పరీక్షించారు. ఆ రకం రబ్బరుతో చేసిన కొన్నిటిలో, త్వరగా నశించని ఒక ఫ్లోరిన్ రసాయనం ఎక్కువ మోతాదులో కనిపించింది. ఖరీదైనవాటి కంటే తక్కువ ధర సిలికాన్ బెల్టులే మేలని వాళ్ళు సూచించారు. ఇలాంటి మంచి వార్త జేబుకి అరుదుగా దొరుకుతుంది!

నైలాన్: తేలిక, త్వరగా ఆరుతుంది, సబ్బు నీళ్ళలో ఉతకొచ్చు. ఉతక్కపోతే మాత్రం నాలుగు రోజుల్లో వాసన మొదలు. పొలం పని, బైకు ప్రయాణం చేసేవాళ్ళకి నా ఓటు దీనికే. ఎందుకో పిన్ను సంగతి దగ్గర చెబుతా.

స్టీల్ చైన్: అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచేది ఇదే. 316ఎల్ రకం స్టీల్ అయితే చెమటకి తుప్పు పట్టే భయం చాలా తక్కువ. పసుపు అంటినా తుడిస్తే పోతుంది. రేకుని మడిచి చేసిన లింకులు కాకుండా, గట్టి లింకులున్న చైన్ తీసుకోండి. మడత రేకు లింకులు త్వరగా వదులై గలగలమంటాయి, చేతి వెంట్రుకలు పీకుతాయి. షాపులో చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. చైన్ మొత్తం గట్టిగా అతుక్కుంటే అది మీరనుకునే స్టీల్ కాకపోవచ్చు. బంగారు పూత చైన్ల మెరుపు అంచుల దగ్గర ముందు పోతుంది. రోజూ వాడకానికి పూత లేని స్టీలే నయం. నికెల్ పడక దద్దుర్లు వచ్చేవాళ్ళకి టైటానియం ఉంది. బరువు కూడా స్టీల్‌లో దాదాపు సగమే, ధర మాత్రం ఎక్కువ.

తెగేది బెల్టు, ముంచేది పిన్ను

సాఫ్ట్‌వేర్‌లో ‘సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అంటాం. అంటే ఆ ఒక్కటి పోతే మొత్తం సిస్టమ్ పోయినట్టే. సర్వర్లు ఎన్ని ఉన్నా, అన్నిటికీ ఒకటే కరెంటు వైరైతే ఏం లాభం? వాచీలో ఆ వైరు ఏదో తెలుసా? బెల్టుని వాచీకి పట్టి ఉంచే రెండు స్ప్రింగ్ పిన్నులు. వీటి ధర పదుల రూపాయల్లోనే ఉంటుంది. అయిదు వేల వాచీని మోసేది ఇవే. పిన్ను లోపలి స్ప్రింగ్‌కి తుప్పు పట్టినా, పిన్ను వంగినా వాచీ జారిపోతుంది. బైకు మీద హైవే ఎక్కినప్పుడు జారిందనుకోండి, ఇక దొరకదు.

ఇక్కడే నైలాన్ బెల్టు గొప్పదనం ఉంది. ‘నాటో స్ట్రాప్’ పేరుతో అమ్మే బెల్టు రెండు ముక్కలుగా ఉండదు. ఒకే పట్టీ, వాచీ కింద నుంచి రెండు పిన్నుల్లోనూ దూరి వెళుతుంది. ఒక పిన్ను ఊడినా రెండో పిన్ను వాచీని పట్టుకునే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ ఉన్న సిస్టమ్. బ్రిటన్ రక్షణ శాఖ తన సైనికుల కోసం 1973లో ఈ పట్టీకి కొలతలు రాసి పెట్టింది. అప్పుడు 20 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టారు. సైనికుడికి పనికొచ్చిన తెలివి రైతుకి ఎందుకు పనికిరాదు?

ఏ బెల్టు కొన్నా పాత పిన్నులు వాడకండి. కొత్త స్టీల్ పిన్నులు వేయించి, వాచీని పట్టుకుని బెల్టుని రెండు వైపులా గట్టిగా లాగి చూడండి. షాపులో ఊడితే పిన్నే పోతుంది, రోడ్డు మీద ఊడితే వాచీ పోతుంది.

కొలత తప్పితే అన్నీ తప్పినట్టే

బెల్టుని పట్టుకోవడానికి వాచీకి పైనా కిందా రెండేసి కొమ్ములుంటాయి. పసుపు కొమ్ములు కాదులెండి! ఆ రెండు కొమ్ముల మధ్య ఖాళీని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. మగవాళ్ళ వాచీలకి సాధారణంగా 18, 20, 22 ఉంటాయి. చాలా హెచ్ఎంటీ వాచీలకి 18. పాత బెల్టు వెనక కూడా ఈ నంబరు ముద్రించి ఉండొచ్చు. వెడల్పు తక్కువైతే బెల్టు అటూ ఇటూ ఊగి పిన్నుని వంచుతుంది. ఎక్కువైతే అంచులు నలిగి చిరుగుతాయి.

తరవాత మణికట్టు చుట్టూ దారం చుట్టి పొడవు కొలవండి. పెట్టుకున్నప్పుడు మధ్య రంధ్రం సరిపోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు మణికట్టు కొంచెం ఉబ్బుతుంది, చలికాలం తగ్గుతుంది. మధ్య రంధ్రంలో ఉంటే రెండు వైపులా వీలుంటుంది. బెల్టు కింద చిటికెన వేలు దూరేంత వదులు చాలు.

గట్టి బెల్టు ప్రమాదం కూడా!

ఇది మాత్రం సరదాగా చదివి వదిలేయకండి. పసుపు పాలిషింగ్ డ్రమ్ము, మక్కలు పట్టే మిషన్, బెల్టుతో తిరిగే మోటరు... వీటి దగ్గర పనిచేసేటప్పుడు వాచీ తీసి పక్కన పెట్టండి. నాసిరకం బెల్టు చిక్కుకుంటే తెగిపోతుంది. గట్టి నైలాన్ పట్టీ, స్టీల్ చైన్ అంత తేలిగ్గా తెగవు. చెయ్యిని కూడా లోపలికి లాగేస్తాయి. కరెంటు పని చేసేవాళ్ళకి మెటల్ చైన్ అసలే వద్దు. ‘ఎక్కువ కాలం మన్నాలి’ అనే రూలు ముందు వర్తించాల్సింది చేతికి, ఆ తరవాతే బెల్టుకి.

రెండు నిమిషాల సేవ

2023లో అమెరికాలోని ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ వాళ్ళు మణికట్టు బ్యాండ్లని పరీక్షిస్తే, 95 శాతం వాటి మీద బ్యాక్టీరియా కనిపించింది. రబ్బరు, ప్లాస్టిక్ వాటి మీద ఎక్కువ. బంగారం, వెండి వాటి మీద చాలా తక్కువ. బెల్టు కింద దురద వస్తే చాలామంది బెల్టు పడలేదనుకుంటారు. లోపల నిలిచిన చెమట, సబ్బు నురగ కూడా అందుకు కారణం కావొచ్చు.

సిలికాన్‌ని, నైలాన్‌ని వారానికోసారి కడగండి. స్టీల్ చైన్‌ని నెలకోసారి పాత టూత్ బ్రష్‌తో, సబ్బు నీళ్ళతో రుద్దండి. వాచీ నీళ్ళని తట్టుకునేది కాకపోతే ముందు దాన్ని విడదీయండి. లెదర్‌ని పొడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. రాత్రి ఏ బెల్టునైనా విప్పి పెడితే దానికీ, చర్మానికీ గాలి తగులుతుంది.

లెక్క చూసుకోండి

ధర కాదు, నెలకి ఎంత పడుతుందో లెక్కేయండి. ఉదాహరణకి 300 రూపాయల పీయూ బెల్టు ఆరు నెలలు వస్తే నెలకి 50 రూపాయలు. 1,200 రూపాయల స్టీల్ చైన్ అయిదేళ్ళు వస్తే నెలకి 20. చౌకగా కనిపించినదే ఖరీదైనది!

పొలం, బైకు, లోడింగ్ పనులుంటే ముదురు రంగు నైలాన్ ఒకే పట్టీ. షాపు, కౌంటరు, మార్కెట్ తిరుగుడు అయితే గట్టి లింకుల స్టీల్ చైన్. జిమ్, వాన, స్మార్ట్ వాచీ అయితే నల్ల సిలికాన్. హైదరాబాద్ ఏసీ ఆఫీసు, పెళ్ళిళ్ళు అయితే లెదర్. అన్నీ చేసే మనిషైతే ఒక స్టీల్, ఒక నైలాన్ పెట్టుకుని మార్చుకుంటే రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

ఇది చదవడం అయిపోగానే ఒక పని చేయండి. చేతికున్న వాచీ విప్పి, తిరగేసి, వెలుతురులో ఆ రెండు పిన్నుల్నీ చూడండి. తుప్పు రంగు కనిపించినా, పిన్ను కదిలినా రేపే మార్పించండి. పది నిమిషాల పని అది.