పసుపు వైరూ ఎర్ర వైరూ కలిపేస్తే...

శనివారం కొత్త నావిగేషన్ స్టీరియో బిగించాను. రెండు రోజులు కారు బయటికి తీయలేదు. మూడో రోజు పొద్దున్నే తాళం తిప్పితే టిక్కుటిక్కుమంది, అంతే. "బ్యాటరీ పోయింది సార్, మార్చేయండి" అన్నాడు బిగించిన కుర్రాడు. ఆ బ్యాటరీ కొని ఎనిమిది నెలలే. డాష్‌బోర్డు విప్పించి చూస్తే పసుపు వైరు, ఎర్ర వైరు మెలేసి, పైన నల్ల టేపు చుట్టి ఉన్నాయి.

అపోహ: రెండూ 12 వోల్టులే కదా, కలిపితే ఏమవుతుంది?

వాస్తవం: సాధారణంగా స్టీరియో సెట్టుకు పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తెచ్చేది. ఎర్రది తాళం తిప్పినప్పుడే వచ్చేది, సెట్టును నిద్రలేపేది. రెండూ కలిపితే సెట్టుకు రాత్రనేదే ఉండదు. బటన్ నొక్కి తెర ఆర్పినా లోపల మెలకువగానే ఉండొచ్చు. అర ఆంపియర్ లాగినా రోజుకు 12 ఆంపియర్-అవర్లు ఖర్చు. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యమే 35 దగ్గర. రెండు రోజుల్లో 24 పోయాక స్టార్టర్ తిప్పే సత్తా దానికి ఎక్కడిది? అలా కాక, తాళం తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మర్చిపోతుంటే ఆ రెండు వైర్లూ తారుమారయ్యాయేమో చూడాలి. ఒక జాగ్రత్త: ఈ రంగుల మాట సెట్టు వైపుకే. కారు వైపు ఒక్కో మోడల్‌కి ఒక్కో రంగు, అక్కడ మల్టీమీటర్‌నే నమ్మాలి.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేస్తే సరి.

వాస్తవం: ఫ్యూజు ముందుగా కాపాడేది వైరును. పది ఆంపియర్లది ఉండాల్సిన చోట ఇరవైది వేస్తే, పోవాల్సిన ఫ్యూజు నిలబడి వైరు తొడుగు కరుగుతుంది.

అపోహ: సిమ్ లేకపోతే జీపీఎస్ రాదు.

వాస్తవం: సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహాలు పంపే సంకేతాలను మన యాంటెన్నా వింటుందంతే, తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో లెక్క తేలుతుంది. మ్యాపు ముందే దించుకుంటే దారి చూపడానికి డేటా అక్కర్లేదు, ట్రాఫిక్ సంగతులకే కావాలి. అసలు తంటా యాంటెన్నా పెట్టే చోటుతోనే. అగ్గిపెట్టెంత ఆ ముక్కను సెట్టు వెనక ఇనుప చట్రాల మధ్య కుక్కేస్తారు. దానికి ఆకాశం కావాలి: ముందు అద్దం కింద, డాష్‌బోర్డు మీద, బొమ్మ పైకి ఉండేలా. అద్దానికి లోహపు పూత ఫిల్మ్ ఉంటే అక్కడా కష్టమే. హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద వెళ్తుంటే పైన వెళ్తున్నట్టు చూపించిందని మాత్రం మెకానిక్‌తో గొడవపడకండి, అది వైరింగ్ తప్పు కాదు.

వైరు కోస్తేగానీ సెట్టు పట్టదన్నదీ అపోహే. చాలా మోడళ్లకు సరిపోయే కప్లర్లు దొరుకుతాయి. కంపెనీ వైరు కోస్తే ఆ భాగానికి వారంటీ అడిగే దారి మీరే మూసుకున్నట్టు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి.

నా కారులో ఇంకోటీ బయటపడింది. హ్యాండ్ బ్రేకు వేసి ఉందో లేదో సెట్టుకు చెప్పే వైరును నేరుగా ఎర్త్‌కి కలిపేశాడు. అంటే నడుస్తున్న కారు కూడా దానికి ఆగినట్టే, సినిమా వేసుకోవచ్చు. "అది ఫ్రీగానే చేశాను సార్" అన్నాడు, నేను మెచ్చుకుంటానన్నట్టు చూస్తూ.